ముట్టుకోకుండా ఆగే బండి

నడిగూడెం పోవాలంటే నేను కోదాడలో బస్సు దిగి ఆటో ఎక్కాలి. ఈసారి దిగేసరికి ఎండ మండిపోతోంది. నీళ్ల సీసా కొందామని బజారులోకి నడిచాను. ఒకప్పుడు రేకుల దుకాణాలు వరసగా ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షోరూం ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరసంతా కొట్టేశారు. కాస్త నీడ ఉంది కదా అని దాని ముందుకు వెళ్లానో లేదో, అద్దాల తలుపు దానంతటదే పక్కకు జరిగింది. చల్లగాలి మొహానికి కొట్టింది. వెనక్కి అడుగేస్తే మూసుకుంది. మళ్లీ ముందుకేస్తే తెరుచుకుంది. లోపల టై కట్టుకున్న అబ్బాయి "రండి మేడం, రండి" అంటున్నాడు. నేను వినిపించుకోకుండా తలుపు పైన బిగించిన నల్లటి కన్ను వైపే చూస్తున్నాను.

మా మేనమామ రేడియో, టీవీ రిపేరు షాపు ఉండింది ఆ వరసలోనే.

అది షాపు అనడానికి పెద్దగా ఏమీ లేదు. రేకుల కప్పు, ఒక బల్ల, గోడ నిండా విప్పి పెట్టిన టీవీలు. లోపలికి అడుగు పెడితే ముందు గుగ్గిలం వాసన. తీగలు అతికించే వేడి సోల్డర్ కర్రను గుగ్గిలంలో ముంచినప్పుడు లేచే ఆ పొగ ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది. ఎందుకంటే పక్క కొట్టు మిరపకాయ బజ్జీలది. రెండు వాసనలూ కలిసే వచ్చేవి. మామ నెత్తికి నూనె పెట్టి పాపిడి తీసి, పగిలిన పిక్చర్ ట్యూబులో మొహం చూసుకుని మురిసేవాడు. కోదాడకు పోయి షాపు పెట్టుకున్నాక ఆయన మాట కూడా మారింది. వచ్చినప్పుడల్లా మా అమ్మ వెక్కిరించేది.

"ఏందిరా, 'వచ్చానండి, తిన్నానండి' అనుకుంట? నాలుగు ఊర్లు దాటంగనే మన మాట మరిసినవా?"

"మనం చూసేది ఆంధ్రా పక్కోళ్ల టీవీలక్కా. వాళ్ల మాట వాళ్లకు చెప్పకపోతే సెట్టు ఎవరిస్తారు?" అనేవాడు మామ.

అమ్మ మిర్యాలగూడలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సు. నాన్న లేడు. మామను పెంచి పెద్ద చేసింది అమ్మే కాబట్టి, ఆ షాపు మా ఇంట్లో ఒక మనిషి లాంటిది. ఆదివారం ప్రార్థనలో అమ్మ దాని కోసం కూడా దేవుణ్ణి అడిగేది.

మిర్యాలగూడలో పెరిగిన వాళ్లకు వడ్లు ఉడికే వాసన చెప్పక్కర్లేదు. నానిన వడ్ల పులుపు, ఆవిరి, ఊక కాలిన పొగ. ఆరేసిన తెల్ల యూనిఫాం మీద నల్లటి నలుసులు పడేవి. ఆ నలుసులు వచ్చే మిల్లుల్లో ఒకటి నా దోస్తు వాళ్లది. స్కూల్లో అందరూ ఆమెను మిల్లు వాళ్లమ్మాయి అనేవాళ్లు. నన్నేమో నర్సమ్మ బిడ్డ అనేవాళ్లు. తొమ్మిదో తరగతిలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆమెకు లెక్కలు రావు, నాకు ధైర్యం రాదు. ఒకరికి ఒకరం బాగా సరిపోయాం.

ఆ ఏడు సైన్సు ప్రదర్శన సూర్యాపేటలో పెడుతున్నారని, ఏదైనా పనిచేసే వస్తువు చేసుకురమ్మని మా సైన్సు సారు చెప్పాడు. పిల్లలంతా అగ్నిపర్వతం, వాననీటి గుంట అంటూ మొదలుపెట్టారు. మిల్లు వాళ్లమ్మాయి మాత్రం లేచి "సార్, మేము రోబో చేస్తం" అనేసింది. క్లాసంతా నవ్వింది. నేను బెంచీ కింద ఆమె కాలు తొక్కాను.

"మీ మామ ఉన్నడు గదనే" అంది కూర్చుంటూ. "ఆయనకు రానిదేముంటది?"

మామకు రోబో అంటే ఏమిటో తెలియదు. కానీ రాదనడం ఆయనకు అసలే రాదు. రెండు ఆదివారాలు ఆలోచించి, ఎదురుగా ఏదైనా వస్తే ముట్టుకోకుండానే ఆగిపోయే బండి చేద్దామన్నాడు. పాత టీవీ రిమోటు పగలగొట్టి, ముందుండే చిన్న బల్బును బయటికి తీసి మా అరచేతిలో పెట్టాడు.

"ఇది వెలుగుతుంది, మనకు కనబడదు. ఎదురుగా గోడో మనిషో ఉంటే ఆ వెలుగు తగిలి వెనక్కి వస్తుంది. పక్కనే ఇంకో కన్ను పెడితే అది పట్టుకుంటుంది."

"పట్టుకున్నంక మోటరు ఎట్ల ఆగుతది మామా?" అని మిల్లు వాళ్లమ్మాయి అడిగింది. ఆమె కూడా మామను మామ అనే పిలిచేది.

మామ మూడు కాళ్ల నల్లటి ట్రాన్సిస్టర్ ఒకటి వేళ్ల మధ్య పట్టుకున్నాడు. "సాగర్ కాలువ తూము చూశారా? చిన్నపిల్ల కూడా చక్రం తిప్పగలదు. నీళ్లు ఆమెవి కాదు, కాలువవి. ఆ కన్ను పట్టేది చీమంత కరెంటు. అది ఈ నడిమి కాలుకిస్తే తూము తెరుచుకుంటుంది. ఒక తూము చాలకపోతే దాని వెనక ఇంకో తూము. అప్పుడు రిలే అని, ఈ చిన్న స్విచ్చు టక్కుమంటుంది, మోటారుకు కరెంటు ఆగుతుంది."

తర్వాత కాలేజీలో చదివినా, ఇప్పుడు సూర్యాపేటలో నేను పిల్లలకు చెబుతున్నా, ట్రాన్సిస్టర్ గురించి నా తలలో ఉన్నది ఆ తూమే. అలాగని మామ పెద్ద పండితుడేం కాదు. మొదటిసారి ట్రాన్సిస్టర్‌ను తిరగేసి అతికించాడు. బ్యాటరీ ఇవ్వగానే సన్నగా పొగ లేచి, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. "ఈ బ్యాటరీలు మంచివి కావు" అన్నాడు ఏమీ ఎరగనట్టు. మేమిద్దరం బల్ల కింద దూరి నవ్వాం.

ఆదివారం ఆదివారం బస్సెక్కి కోదాడ పోయేవాళ్లం. నా దోస్తు మేనత్త ఇల్లు అక్కడే కాబట్టి ఆమెను పంపేవాళ్లు. మేనత్త ఇంట్లో మొహం చూపించి, దేవుడికి దండం పెట్టి, పరుగున షాపుకు వచ్చేది. అమ్మ నాకు జొన్నరొట్టె, ఎండురొయ్యల పొడి కట్టి ఇచ్చేది. వాళ్లింట్లో గుడ్డు పేరు కూడా ఎత్తరు. అటువంటి పిల్ల మొదటి ఆదివారం ముక్కు మూసుకుంది, రెండో ఆదివారం వేలితో అద్దుకుంది, మూడో ఆదివారం నుంచి నా డబ్బా ఆమె చేతిలోనే ఉండేది. తిన్నాక వాసన పోవడానికి జామాకు నమిలేది. "వాసనొస్తుందా సూడే" అని నోరు తెరిచి నా మొహం మీద ఊదేది. బజ్జీల ముసలమ్మ చూసి "మీ అవ్వకు తెలిస్తే గంగలో ముంచుతుందే పిల్లా" అని పకపకా నవ్వేది.

బండికి పెట్టె సబ్బులడబ్బా. ముందు చక్రాలు అమ్మ తెచ్చిన సెలైన్ సీసాల మూతలు. మోటారు మామ తుక్కులో దొరికిన పాత టేప్‌రికార్డర్‌ది. నేను సోల్డర్ చేసేదాన్ని, ఆమె తీగ పట్టుకునేది. నా చూపుడువేలి మీద కాలిన మచ్చ పడితే ఆమె అసూయపడి, తనకూ ఒకటి కావాలంది.

బండి మొదటిసారి నడిచిన వారం దాన్ని మిర్యాలగూడ తెచ్చి మిల్లు వాళ్లింట్లో నడిపించాం. ఆ ఇంట్లో నాకు వరండా దాకానే తెలుసు. వాళ్ల నాయనమ్మ అక్కడే వాలుకుర్చీలో కూర్చునేది. తెల్లచీర, మెడలో తులసి పూసలు. మడి అంటే ఆమెకు ప్రాణం. నన్ను చూసి కసిరేది కాదు, పాపం. ప్రేమగానే "నర్సమ్మ బిడ్డా, గాడనే కూసో తల్లీ" అనేది. ఆమె మనవరాలికి అటుకుల చుడువ స్టీలు పళ్లెంలో వచ్చేది, నాకు పేపరు పొట్లంలో. పొట్లమైతే మిగిలింది ఇంటికి తీసుకుపోవచ్చు కదా అని నాకదే మేలనిపించేది. మా అమ్మ వారం వారం వచ్చి ఆమెకు సూది వేసేది. అప్పుడు మాత్రం ముట్టుకోవచ్చు. సూది అయ్యాక ఆమె మళ్లీ స్నానం చేసేది.

బండి గరగరమంటూ నెమ్మదిగా ఆమె వైపు పోయింది. తెల్లచీర కుచ్చెళ్లకు జానెడు దూరంలో టక్కుమని ఆగింది. ముసలామె కాళ్లు పైకి లాక్కుంది, తర్వాత అర్థమై నోటి మీద వేలు పెట్టుకుంది.

"ఓయమ్మ! ముట్టుకోకుండ ఎట్ల నిలవడ్డదో సూడుండ్రి. దీనికున్న బుద్ధి మనుషులకు లేకపాయె" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా బండిని పొగిడిందనే అనుకున్నాను.

కానీ ఆ మోటారు ముసలిది. నున్నటి గచ్చు మీద తప్ప నడవలేదు, మధ్యలో మొరాయించేది. ప్రదర్శన దగ్గర పడుతోంది. ఆ తర్వాతి ఆదివారం మిల్లు వాళ్లమ్మాయి స్కూలు సంచిలోంచి పాతబట్టలో చుట్టిన టేప్‌రికార్డర్ తీసింది. బరువైనది, ఏదో పరాయి దేశపుది. మామ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, మూత విప్పి, చిన్నగా ఈల వేశాడు.

"ఇది మంచి సెట్టమ్మా. లోపల బెల్టు కరిగిపోయింది, అంతే. బెల్టు వేసిస్తా, ఇంటికి తీసుకుపో. దీన్ని విప్పడం దేనికి?"

"వద్దు మామా. మాకు మోటరే కావాలె. ఇది మూలకు పడున్నది."

"ఇంట్లో చెప్పావా?"

"జెప్పిన. మా నాయననే తీస్కపొమ్మన్నడు."

"నిజంగనే జెప్పినవా?" అని నేనూ అడిగాను.

"ఒట్టు" అని ఆమె తన నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

మామ మళ్లీ మళ్లీ దాన్ని చూశాడు. పనివాడికి మంచి వస్తువు విప్పాలంటే మనసొప్పదు. చివరికి మోటారు ఊడదీసి, మిగతా భాగాలన్నీ ఒక్క స్క్రూ కూడా పోకుండా అదే బట్టలో మూటకట్టి పైన అరలో పెట్టాడు. "రేపు మీ నాయన అడిగితే మళ్లీ బిగించి ఇస్తా" అన్నాడు. కొత్త మోటారుతో బండి బాణంలా పోయింది. గోడ ముందు, నా అరచేతి ముందు, బజ్జీల ముసలమ్మ గిన్నె ముందు ఠక్కున ఆగింది. ఆ రోజు మామ మాకు సోడాలు తాగించాడు.

ఆ టేప్‌రికార్డర్ వాళ్ల తాతది. ఆయన పోయాక నాయనమ్మ దాన్ని బట్టలో చుట్టి తన పెట్టెలో దాచుకుంది. పాడుతుందా లేదా అన్నది ఆమెకు పట్టలేదు, ఏడాదికోసారి ఆయన తద్దినం నాడు తీసి, తుడిచి, ఫోటో ముందు పెట్టేది. తద్దినం ఆ నెలలోనే వచ్చింది.

ఆ సంగతి తెలియక నేను స్కూలు అయ్యాక ఎప్పటిలాగే వాళ్లింటికి పోయాను. వరండాలో నాయనమ్మ కళ్లొత్తుకుంటోంది. వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. ఊరంతా ఆయన్ను సేటు అనేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నా దోస్తు స్తంభానికి ఆనుకుని గోళ్లు చూసుకుంటోంది.

"దీని మామనే అడిగిండట" అన్నాడు సేటు నన్ను చూసి. "మంచి సామాన్లేమన్న ఉంటే ఇంట్లకెల్లి పట్టుకరా అన్నడట."

నాకు అర్థం కాలేదు. "నువ్వే తెచ్చినవ్ గదనే? మీ నాయన తీస్కపొమ్మన్నడని జెప్పినవ్ గద?" అన్నాను ఆమెతో.

ఆమె తల ఎత్తలేదు. "నేను వద్దన్న. ఆయననే తీసుకున్నడు" అంది గోళ్లతో చెబుతున్నట్టు.

"మామ బెల్టు వేసిస్త అన్నడు సేటు, నిజం..." అని మొదలుపెట్టాను.

"మా పిల్ల అబద్ధమాడుతదా?" అన్నాడాయన. అరవలేదు. నిజంగానే ఆ సంగతి తెలుసుకోవాలని అడిగినట్టు అన్నాడు. "కార్ల కూసో. షాపు సూపెట్టు."

కారెక్కడం నాకు అదే మొదలు. సీట్లకు తెల్ల తువాళ్లు పరిచి ఉన్నాయి, ఎదుట దేవుడి బొమ్మకు మల్లెదండ. ముందు సేటు, డ్రైవరు. వెనక నా పక్కన మిల్లు గుమాస్తా. దారి పొడవునా నాకు భయం వేయలేదు. మామ ఆ మూట తీసి చూపిస్తాడు, నాలుగు స్క్రూలు బిగిస్తాడు, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. పెద్దవాళ్లు పెద్దవాళ్లతో మాట్లాడుకుంటే నిజం బయటపడుతుందని అప్పటికి నా నమ్మకం.

బజారు మంచి రద్దీలో ఉంది. కారు ఆగగానే మామ సోల్డర్ పక్కన పెట్టి, చేతులు తువాలుకు తుడుచుకుంటూ నవ్వుతూ బయటికి వచ్చాడు. నన్ను చూసి ఇంకా నవ్వాడు. "రండి సేటు గారూ, మీరే వచ్చారా! పిల్లల బండి చూద్దురు గాని..."

సేటు చెంప మీద కొట్టాడు. మాట మధ్యలో.

బజ్జీల నూనె చిటపటలు తప్ప ఇంకేం వినబడలేదు. మామ పాపిడి చెదిరి జుట్టు కళ్ల మీద పడింది. వెనక్కి తోసుకోవడానికి చెయ్యి ఎత్తితే, ఎదురు తిరుగుతున్నాడనుకుని గుమాస్తా కాలరు పట్టుకున్నాడు. జనం మూగారు. "చిన్నపిల్లలకు దొంగతనం నేర్పుతున్నడు" అని గుమాస్తా అందరికీ వినబడేలా చెప్పాడు. నేను అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు. మామ నా వైపు చూసి "ఊరుకోమ్మా, నువ్వు లోపలికి పో" అన్నాడు. అరలోంచి మూట తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "అన్నీ ఉన్నాయి సేటు గారూ. ఒక్క మోటారే... బండిలో ఉంది. ఇప్పుడే తీసి బిగిస్తా."

"బిగించుడు వద్దు, ఏం వద్దు" అని గుమాస్తా బల్ల మీది బండిని కూడా చంకలో పెట్టుకున్నాడు. "ఇది మా సామానుతోటి చేసిందే."

కారు పోయింది. నన్ను అక్కడే వదిలేశారు.

బజ్జీల ముసలమ్మ ఒక్కతే వచ్చి మామ చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది. ఆయన తాగలేదు, మొహం కడుక్కున్నాడు. బస్టాండు దాకా నన్ను నడిపించుకుంటూ వచ్చి, "అక్కకు కొట్టారని చెప్పకు" అన్నాడు. నేను చెప్పాను.

రిపేరు షాపు నమ్మకం మీద నడిచేది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టీవీని పరాయి మనిషి చేతిలో పెట్టి పోవాలంటే ఆ మనిషి మీద గురి ఉండాలి. ఆ వారం నుంచి ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ తిట్టలేదు. "చుట్టాలొచ్చారు, చూడాలంటున్నారు" అనేవాళ్లు, "మా బావమరిదికి తెలిసినాయన ఉన్నాడులే" అనేవాళ్లు. బాగు కాని సెట్లను అలాగే మోసుకుపోయారు. గోడ ఖాళీ అయింది. వానలు పడే వేళకు మామ షట్టరు దించి, మా అత్త పుట్టిల్లు నడిగూడెం వెళ్లిపోయాడు.

ఇక్కడ అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆ గొడవ జరిగిన వారమే నాయనమ్మ సూదికి కబురు పంపింది. అమ్మ డబ్బా సర్దుకుంటుంటే నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"పోతవా? సిగ్గులేదా నీకు?"

"రోగమేం జేసిందే, జరుగు" అంది అమ్మ.

తిరిగొచ్చాక పెరట్లో చాలాసేపు చేతులు కడుక్కుంది. ముసలామె ఏమందని అడిగాను. "మీ తమ్ముని మీద మాకు కోపం లేదు, పోనియ్ అన్నది" అని చెప్పి, అమ్మ పొయ్యి ముట్టించింది.

సూర్యాపేటకు బండితో మిల్లు వాళ్లమ్మాయి పోయింది, మా క్లాసులో ఇంకో అమ్మాయిని తోడు తీసుకుని. సైన్సు సారు నన్ను స్టాఫ్ రూంలోకి పిలిచి, "పెద్దోళ్ల గొడవలు మనకెందుకు బిడ్డా, వచ్చే ఏడు నువ్వు ఇంకోటి చేద్దువు" అన్నాడు. నేను బెంచీ మార్చుకున్నాను. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పదో తరగతి అయ్యేదాకా మేము మాట్లాడుకోలేదు.

పోయిన పెళ్లిళ్ల కాలంలో సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో ఆమె కనబడింది. నేను పక్కకు తప్పుకునేలోపే వచ్చి గట్టిగా కావలించుకుంది. లావయింది, నవ్వు అదే. పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎండురొయ్యల పొడి గుర్తు చేసింది, జామాకు గుర్తు చేసింది, మామ ట్రాన్సిస్టర్ కాల్చింది గుర్తు చేసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"గా బండి యాదికుందా? సూర్యాపేటల అది కదలనే లేదే! బల్లలన్నీ బయట టెంటు కింద ఏసిండ్రు. మా బల్ల మీద పక్కకెల్లి ఎండ పడుతుండె. స్విచ్చేస్తే సాలు, ఎదురుంగ ఏం లేకున్న నిలవడే ఉంటది. సారు కోపమొచ్చి బల్ల కింద పెట్టించిండు. మస్తు ఏడ్చిన ఆ రోజు." నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. "మీ మామ మంచోడు పాపం. అవునూ, షాపు ఎందుకు బంద్ చేసిండే?"

నేను ఆమె మొహంలోకి చూశాను. నటన కోసం వెతికాను. లేదు. నిజంగానే అడుగుతోంది. ఆమె దగ్గర రొయ్యల పొడి ఉంది, సోడాలు ఉన్నాయి, ఎండలో ఆగిపోయిన బండి ఉంది. చెంపదెబ్బ లేదు. తనన్న మాట లేదు. చెబుదామని నోరు తెరిచాను. ఎవరో ఆమెను ఫోటోకు పిలిచారు. "ఉండు, ఇప్పుడే వస్త" అని వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేదాకా నేను ఉండలేదు.

కోదాడలో ఆ తలుపు ముందు నుంచి కదిలి, ఆటో పట్టుకుని నడిగూడెం చేరేసరికి మధ్యాహ్నమైంది. మామ కౌలుకు తీసుకున్న మిరప తోటలో ఉన్నాడు. జుట్టు పలచబడింది, పాపిడి లేదు. ఇన్నేళ్లలో ఆయన మళ్లీ సోల్డర్ పట్టలేదు. ఇంట్లో ఫ్యాను ఆగినా ఊళ్లోంచి ఎవరినో పిలిపించి, వాళ్లు చేస్తుంటే బయటికి పోయి కూర్చుంటాడని అత్త చెబుతుంది. గట్టు మీద కూర్చుని నేను పెళ్లిలో కలిసిన సంగతి చెప్పాను. ఆమెకు ఏమీ గుర్తు లేదని చెప్పాను. ఆయన మిరపకాయల తొడిమలు తీస్తూ విన్నాడు. కోపం వస్తుందేమోనని, రావాలని, చూశాను.

"ఇంతకీ బండి ఎట్లా నడిచిందట?" అని అడిగాడు.

అన్నేళ్లుగా ఆయనకూ తెలియదు. చెప్పేవాళ్లెవరు? ఎండ సంగతి చెప్పాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"అయ్యో. ఎండలో కూడా ఆ వెలుగు ఉంటుంది కదమ్మా. కన్నుకు నల్ల గొట్టం తొడగాల్సింది. బయట పెడతారని నాకు తోచనే లేదు" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "పాపం, ఆ పిల్ల అంతమందిలో ఏడ్చిందా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడితే ఆయన మీదే అరుస్తానని లేచి తోట చివరిదాకా నడిచాను. మాట పడ్డది ఆయన, బజారులో దెబ్బ తిన్నది ఆయన, చేతిలో పని పోగొట్టుకున్నది ఆయన. తమను క్షమించమని ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషికి అడగాల్సింది ఒకటుందనే తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు, తప్పంతా తనదేనన్నట్టు తల అడ్డంగా ఊపుకుంటూ.